నవ్వించే పని ఎవరికిచ్చారు?

(తెర ముందూ వెనకా: పాఠకుల ప్రశ్నలకు బరంపురం అత్త జవాబులు)

ప్రశ్న: అత్తా, మాది పర్లాకిమిడి. నలుగురు స్నేహితులం కలిసి నలభై నిమిషాల కామెడీ సినిమా ఒకటి తీస్తున్నాం. రెండు ఫోన్లు, ఒక అద్దె మైకు, మా మేనమామ ఇచ్చిన కొద్దిపాటి డబ్బు, అంతే మా పెట్టుబడి. కథంతా ఒక టిఫిన్ హోటల్లో జరుగుతుంది. యజమాని తెలుగాయన, లెక్కలు రాసే గుమాస్తా ఒడియా ఆయన. కొండ మీంచి జీడిపిక్కలు తెచ్చే సవర తెగ కుర్రాడు, కుంటుతూ వచ్చే పోస్ట్‌మాన్, నోరు పెద్దదైన ఒక పిన్ని. యజమాని కొడుకు హీరో. స్క్రిప్టు చదివిన మా చెల్లెలు "జోకులన్నీ మీరు కానివాళ్ల మీదే ఉన్నాయేటి?" అంది. అప్పట్నుంచీ మాలో మాకు గొడవ. ఒకడేమో అన్ని కులాలవాళ్లనీ తలొకర్ని పెట్టేద్దాం, పీడా పోతుంది అంటాడు. ఇంకొకడు అలా లెక్కలు చూసుకుంటే కామెడీ చచ్చిపోతుంది అంటాడు. స్క్రిప్టు మీకు పంపిస్తున్నాను. మేం ఎవరి మాట వినాలి?

జవాబు: మీ చెల్లెలి మాట వినండి బాబూ. స్క్రిప్టు చదివి ఎవరికి నవ్వు రాలేదో, అందులో ఏం తక్కువైందో చెప్పగలిగేది వాళ్లే.

తలొకర్ని పెడదామన్న కుర్రాడిది మంచి మనసే. కానీ అతను తీయబోయేది సినిమా కాదు, జనాభా లెక్క. ఒక్కొక్కరూ వస్తారు, పేరూ ఊరూ చెప్తారు, వెళ్లిపోతారు. ఇక కామెడీ చచ్చిపోతుందన్నవాడికి నా నాటకాల సంగతి ఒకటి చెప్పాలి.

నేను ఇచ్ఛాపురంలో పుట్టి బరంపురం కోడలినయ్యాను. పెళ్లికి ముందూ ఆడాను, తర్వాతా ఆడాను. 'చింతామణి'లో మొదట చిత్ర, తర్వాత చింతామణి, ఒళ్లొచ్చాక శ్రీహరి. నాటకాల్లో ఆడదానికి ప్రమోషన్ అంటే అదే, కూతురు వేషం నుంచి తల్లి వేషానికి. కాళ్లకూరి నారాయణరావుగారు సుమారు వందేళ్ల కిందట వేశ్యా వ్యసనం కొంపలెలా కూలుస్తుందో చూపించడానికి రాసిన నాటకం అది. అందులో సుబ్బిశెట్టి ఒక పాత్ర. ఊరూరా తిరిగి ఆడేసరికి, అచ్చు పుస్తకంలో లేని మాటలు ఆ పాత్రకి అంతకంతకూ పెరిగిపోయాయి. జనం ఎక్కడ చప్పట్లు కొడితే అక్కడ మరో రెండు మాటలు అతుక్కునేవి. అందులో బూతూ ఉండేది, కులమూ ఉండేది. వైశ్య సంఘాలవాళ్లు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. (మాది ఒడిశా గనక ఆ ఉత్తర్వు ఇచ్ఛాపురం దాటి మా వీధిలోకి రాదు. కానీ హార్మోనిస్టూ అటువాడే, సుబ్బిశెట్టీ అటువాడే. ఇటు నేనొక్కదాన్నీ ఎవరితో ఆడను?)

నిషేధం నాకు నచ్చలేదు. ఆ నాటకం మీద బతికిన మేకప్పు మనిషీ తబలా మనిషీ ఏం పాపం చేశారు? అలాగని అభ్యంతరం చెప్పినవాళ్లది ఉత్త చాదస్తం అని కూడా అనలేను. తెర పక్కన నిలబడి నేను చూసినదొకటుంది.

ఊళ్లో శెట్టిగారే షామియానాకి డబ్బులిచ్చి ముందు కుర్చీలో కూర్చున్న రాత్రి, మా సుబ్బిశెట్టి నోరు ఎంత మర్యాదగా ఉండేదో! పిసినారితనం మీద జోకులుండేవి. ముసలితనంలో ఆశ మీద ఉండేవి. చింతామణి ఒక్క చూపు చూస్తే నీరుగారిపోవడం ఉండేది. కులం మీద మాత్రం ఒక్క మాటా దొర్లేది కాదు. అయినా ఆ రాత్రుళ్లు నవ్వులకేం కొదవ లేదు. అందరికంటే ముందు శెట్టిగారే పొట్ట పట్టుకునేవారు. అదే నటుడు కోమట్ల ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లో అదే సీను ఆడితే, కష్టపడక్కర్లేని జోకులన్నీ వరసగా బయటికొచ్చేవి. అక్కడా నవ్వేవారు జనం, కాదనను. కానీ అతని నటన సగానికి పడిపోయేది. కులం పేరెత్తితే చాలు నవ్వుతున్నారు, ఇంకా నటించడమెందుకు?

కాబట్టి మీ స్క్రిప్టుకి ఈ పరీక్ష పెట్టండి. జోకు ఎవరి మీదో వాళ్లని ముందు కుర్చీలో కూర్చోబెట్టి పైకి చదవండి. ఊహించుకుని చదివితే చెల్లదు, మనిషి ఎదురుగా ఉండాలి. గుమాస్తా సీన్లు మీ వీధిలో ఏ ఒడియా మాస్టారికో చదవండి. చదువుతుంటే మీ గొంతు ఎక్కడ తగ్గుతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. గీత పడినవన్నీ కొట్టేయమనను. చాలావాటిని కొంచెం తిప్పి రాస్తే ఇంకా బాగుంటాయి. ఉదాహరణకి గుమాస్తాకి మీరు రాసిన జోకులు మూడింట రెండొంతులు ఒకటే: పఖాళ తిని మధ్యాహ్నం గురకపెట్టడం. ఎండాకాలం చద్దన్నం మనం తినమా? తిన్నాక మనం పడుకోమా? మీ హోటల్ యజమాని కూడా ఆ పక్క బెంచీ మీదే గురకపెడుతూ, మధ్యలో ఒక కన్ను తెరిచి గుమాస్తాని "నిద్రపోతు" అని తిట్టనివ్వండి. అప్పుడు మాస్టారూ నవ్వుతారు, మీ నాన్నగారూ నవ్వుతారు.

సవర కుర్రాడి దగ్గర నాకు కోపమే వచ్చింది. అతనికి "హుర్రు బుర్రు" అని ఏదో భాష రాశారు. నాయనా, మీరున్నది పర్లాకిమిడిలో! గిడుగు రామమూర్తిగారు ఆ ఊళ్లో పంతులుగిరీ చేస్తూ, సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి పుస్తకాలు రాసి, నిఘంటువు కూడా చేశారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి సొంతంగా సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారు చేశారు. ఆ ఏడే ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మీ ఊరు అటు చేరింది. మనవాళ్లు తెలుగెక్కడ, ఒడియా ఎక్కడ అని హద్దులు చూసుకుంటున్న రోజుల్లో గొమాంగో ఆ పనిలో ఉన్నారన్నమాట. లిపీ నిఘంటువూ ఉన్న భాషకి, అది మాట్లాడేవాళ్లు ప్రతి సంతకీ వచ్చే ఊళ్లో కూర్చుని, హుర్రు బుర్రు రాస్తారా?

ఆ వేషం మీలో ఒకడు నల్లరంగు పూసుకుని వేస్తాడని కూడా రాశారు. వద్దంటే వద్దు. గజపతి జిల్లా జనంలో సగానికి పైగా గిరిజనులే. మీ ఊరి కాలేజీ హాస్టల్ దాకా నడిస్తే, ఆ వేషానికి తగిన కుర్రాళ్లు బండి స్టాండు వేసుకుని కబుర్లు చెప్పుకుంటూ దొరుకుతారు. పెద్ద కంపెనీలవాళ్లకి హైదరాబాదులో కూర్చుంటే మనుషులు దొరకరు, అది వాళ్ల బాధ. మీది చిన్న సినిమా, మీ మనుషులు మీ వీధి చివరే ఉన్నారు. ఆ కుర్రాణ్ని తెచ్చుకోండి. మిగతావాళ్లకి ఎంతిస్తే అతనికీ అంతే ఇవ్వండి. టీ ఇచ్చి సరిపెట్టకండి. ముఖ్యంగా, అతని మాటలు అతన్నే తిరగరాయనివ్వండి. స్టేజీ మీద మాట కల్పించే స్వేచ్ఛ మా కంపెనీలో హాస్యనటుడికే ఉండేది, కొత్తవాళ్లం వేస్తే వెనక్కి వెళ్లాక చీవాట్లు. ఆ స్వేచ్ఛ ఉన్నవాడే నవ్విస్తాడు. మిగతావాళ్లు నిలబడతారు.

ఇప్పుడు కథలోకి రండి. మీ హోటల్లో యజమానికి ఒడియా సరిగ్గా రాదు. గుమాస్తాకి తెలుగు వచ్చుగానీ లెక్కల మాటలే వచ్చు. తెలుగు, ఒడియా, సవర, మూడూ వచ్చినవాడు ఆ జీడిపిక్కల కుర్రాడొక్కడే. న్యాయంగా చూస్తే అందరికంటే తెలివైనవాడు అతనే కావాలి గదా? యజమానికీ గుమాస్తాకీ మధ్య అతన్ని దుబాసీగా పెట్టండి. ఆయన అన్నది ఈయనకి ఒక రకంగా, ఈయన అన్నది ఆయనకి ఇంకో రకంగా చెప్పి, ఇద్దరూ కొట్టుకునే లోపల బస్తా ధర పెంచుకుని వెళ్లిపోనివ్వండి. మధ్యలో వాళ్లన్నతో ఫోన్లో సవరలో మాట్లాడతాడు. కింద తెలుగు అక్షరాలు వేయకండి. కొండ మీది ప్రేక్షకులు ముందు నవ్వుతారు, మనం రెండు నిమిషాలు ఆగి నవ్వుతాం. ఒక్కసారైనా మనం ఆగాలి.

అతన్ని దేవుణ్ని చేసినా నాకు ఒప్పదు. అడవితల్లి బిడ్డ, కల్లాకపటం ఎరగడు అని రాస్తే అదీ ఒక బొమ్మే, దానికి నీతికథ వాసన కూడా వస్తుంది. బస్తాలో కింద తడి పిక్కలు, పైన ఎండు పిక్కలు పెట్టనివ్వండి. యజమాని తక్కెట్లో చింతపండు అంటించనివ్వండి. ఇద్దరు దొంగలు ఒకళ్లనొకళ్లు నమ్ముతున్నట్టు నటించే సీను ఎంత సాగదీసినా సాగుతుంది.

హీరో సంగతి. హోటల్లో అందరూ "ఏటి, ఎలగెలగ, వచ్చీసినాను" అంటుంటే యజమాని కొడుకొక్కడూ రేడియో తెలుగు మాట్లాడుతున్నాడు. ఎక్కడ చదివాడు వాడు? మన సినిమాల్లో ఇది పాత రోగం. శ్రీకాకుళం యాస పనిమనిషికి, రిక్షా అతనికి, కమెడియన్‌కి. హీరోకి మాత్రం ఆ గాలి సోకదు, వాడు అదే ఇంట్లో పుట్టినా సరే. హీరో చేత కూడా "ఏటే, ఎక్కడికెల్తన్నావు" అనిపించండి. ప్రేమ సీన్లో అనిపించండి. అప్పుడా యాస నవ్వులాట కాదు, ఊరి మాట అవుతుంది. అయితే మీకు పని పెరుగుతుంది. యాసతో నవ్వు రాదు కాబట్టి మాటలో సరుకుండాలి.

ఇక పిన్ని. మీ చెల్లెలు ఉత్తరం అడుగున పెన్సిల్‌తో "బెక్డెల్ పరీక్ష" అని రాసింది, చూశాను. అమెరికాలో ఆలిసన్ బెక్డెల్ అనే ఆవిడ 1985లో ఒక బొమ్మల కథలో వేసిన చమత్కారం అది. సినిమాలో ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవాలి, ఆ మాట మగాడి గురించి కాకూడదు. అంతే. మా చింతామణి ఆ పరీక్షలో గట్టెక్కదు. తల్లీ కూతుళ్లూ ముగ్గురున్నా, వాళ్ల మాటల్లో ఎప్పుడూ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, వాళ్ల జేబులూ. అయినా స్టేజీ మీద అందరికంటే పదునైన నాలుక చింతామణిదే. అటు చూస్తే, ఇద్దరు ఆడవాళ్లు ఆవకాయలో నూనె గురించి రెండు ముక్కలు మాట్లాడుకున్నా సినిమా పాసైపోతుంది. మా బరంపురంలో పచ్చళ్ల వ్యాపారం చూస్తే పాసు కానిదే లేదు. కాబట్టి చెల్లెమ్మా, ఆ పరీక్ష తలుపు దగ్గర టికెట్టు చింపడానికి పనికొస్తుంది, నాటకం బాగుందో లేదో చెప్పదు. నేనడిగేది వేరే: మీ పిన్నికి ఏం కావాలి? నోరు పెద్దది అని రాశారు, ఆ నోటితో ఆవిడ ఏం సాధించాలనుకుంటోంది? హోటల్లో వాటా కావాలా, బాకీ రావాలా? ఏమీ అక్కర్లేకుండా ఊరికే అరిచే ఆడదాన్ని నేను నాటకాల్లోనే చూశాను, బయట చూడలేదు.

పోస్ట్‌మాన్ సంగతి కింది ఉత్తరం చదివాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. కాలికి క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. బరంపురంలో కుట్టుపని షాపు నడుపుతున్నాను. మా వీధి కుర్రాళ్లు తీసే చిన్న హాస్య చిత్రంలో పెళ్లికూతురి మేనత్త వేషం వేయమన్నారు. నాకు చాలా ఇష్టం, స్కూల్లో మోనో యాక్షన్ చేసేదాన్ని. కానీ స్క్రిప్టులో నేను మూడుసార్లు పడిపోతాను. మా అన్నయ్య పరువు పోతుందంటున్నాడు. ఏం చేయను?

జవాబు: వేషం వెయ్యమ్మా. పడిపోవడం మాత్రం ఎందుకో అడుగు.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పే ఉంది. వికలాంగులని ఎగతాళిగా చూపించారని ఒక హిందీ హాస్య చిత్రం మీద వచ్చిన కేసులో, 2024 జులై 8న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా తీర్పు చెప్పారు. వైకల్యాన్ని అడ్డం పెట్టుకుని మనిషిని చిన్నబుచ్చే హాస్యం వేరు, వైకల్యం గురించి జనానికున్న అపోహల్ని కదిలించే హాస్యం వేరు అన్నారు. రెండోది తప్పు కాదన్నారు. వైకల్యాన్ని వర్ణించే మాటలు జాగ్రత్తగా వాడాలనీ, జబ్బు గురించి చూపించేది నిజమో కాదో కనుక్కోవాలనీ, ఆ మనుషుల్ని ఉత్త బాధితులుగానో లేనిపోని శక్తులున్న అద్భుత వ్యక్తులుగానో చూపించవద్దనీ చెప్పారు. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లని కూడా కూర్చోబెట్టుకోమన్నారు. ఆ కుర్రాళ్లు నిన్ను అడిగారంటే ఆ చివరి పని సగం చేసినట్టే. మిగతా సగం నువ్వు చేయించుకోవాలి.

ఎలాగంటావా? కల్యాణమండపాల్లో స్టేజీకి మెట్లుంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నువ్వు రాగానే పెళ్లివారు నలుగురు పరుగెత్తుకొచ్చి, నిన్నడక్కుండా కుర్చీ ఎత్తేసి స్టేజీ మీదికి మోసుకుపోతారు. తీరా చూస్తే కుర్చీలో నువ్వుండవు. నీపాటికి నువ్వు కింద నిలబడి, "బావూ, ఆ కుర్చీకి అక్షింతలు వేయించి తీసుకురండి" అంటావు. ఇందులో నువ్వు పడిపోయావా? లేదు. జనం నవ్వరా? అడక్కుండా సాయం చేసే చుట్టాన్ని చూసి నవ్వనివాళ్లు మన జిల్లాలో ఎవరూ లేరు. ఈ సీను వాళ్లకి చెప్పి చూడు. ఒప్పుకుంటే నువ్వూ వాళ్లూ మంచి స్నేహితులవుతారు. పడి తీరాలంటే, నీ పొగరు చూసుకుని నువ్వు పడు, పట్టుచీర కుచ్చిళ్లు కాలికి తగిలి పడు, పెళ్లికొడుకు కూడా అదే చోట పడనీ. కాలు మీదకి కెమెరా పెడితే మాత్రం ఇంటికి వచ్చెయ్.

మీ అన్నయ్యకి చెప్పు: చెల్లెలు వీధిలో నడుస్తుంటే పోని పరువు తెర మీద ఎందుకు పోతుంది?

ప్రశ్న: మేడమ్, పాత సినిమాల్లో అందరినీ ఎగతాళి చేసేవారు, అందరూ నవ్వేవారు. ఇప్పుడు ప్రతిదానికీ మనోభావాలు. మీలాంటివాళ్ల వల్లే హాస్యం పోతోంది. (గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాత సినిమాలు మళ్లీ ఒకసారి చూడండి. రేలంగి, రమణారెడ్డి పక్కపక్కన నిలబడితే ఒకరి లావూ ఒకరి బక్కతనమూ వాళ్లే వాడుకున్నారు, ఎవరో వచ్చి వాళ్లని గిల్లలేదు. సూర్యకాంతంగారు గయ్యాళి అత్త వేషం వేస్తే ఆ సీను ఆవిడ చేతిలోనే ఉండేది. నటించేవాళ్ల చేతిలో నవ్వున్న సీన్లు ఇప్పటికీ గుర్తున్నాయి. నల్లగా ఉన్నాడని నవ్వమన్న సీన్లు కూడా ఉండేవి, వాటి పేర్లు మీకూ గుర్తు రావు, నాకూ రావు. అందరూ నవ్వేవారన్నది నిజం కాదండి. నవ్వనివాళ్లకి అప్పట్లో మీకు ఉత్తరం రాసే అలవాటు లేదు.

ప్రశ్న: మా చిన్న సినిమాని సంక్రాంతికి ఊరి కల్యాణమండపంలో అందరికీ చూపిద్దామనుకుంటున్నాం. టికెట్టు లేదు. హాస్యం కోసం వెనకాల ఒక పాత సినిమా పాట వేశాం. సెన్సారు కావాలా? (ఛత్రపురం)

జవాబు: కావాలి. టికెట్టున్నా లేకపోయినా, జనానికి బహిరంగంగా వేసే సినిమాకి 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్టుండాలి. సెన్సారు బోర్డుకి కటకంలోనూ హైదరాబాదులోనూ ప్రాంతీయ కార్యాలయాలున్నాయి, దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లో ఈ-సినీప్రమాణ్ పోర్టల్లో పెట్టుకోవాలి. సంక్రాంతికి కావాలంటే దసరాకే మొదలుపెట్టండి. 2024 నిబంధనలతో యూఏని (పిల్లలు పెద్దల తోడుతో చూడొచ్చనే సర్టిఫికెట్టుని) 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు చేశారు. బోర్డులో ఆడవాళ్లు మూడోవంతుకి తగ్గకూడదు, వీలైతే సగం ఉండాలి అని కూడా పెట్టారు. కాబట్టి పెళ్లాన్ని కొట్టే జోకుంటే ఇప్పుడే తీసేయండి. ఆడవాళ్లని కించపరిచే సీన్లు, వికలాంగుల ఎగతాళి, ఒక జాతినో మతాన్నో తూలనాడే మాటలు కూడదని 1991 మార్గదర్శకాల్లోనే ఉంది.

యూట్యూబులో పెట్టడానికి ఈ సర్టిఫికెట్టు అక్కర్లేదు. అలాగని అక్కడ చట్టం లేదనుకోకండి. దళితుల్నో గిరిజనుల్నో కులం పేరుతో అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం, వికలాంగుల్ని కావాలని అందరిముందూ అవమానిస్తే 2016 చట్టం, రెండూ ఫోన్లో తీసిన సినిమాకీ వర్తిస్తాయి. ఇంకొక్కటి: హాస్యం కోసం వెనకాల పాత సినిమా పాట వేశామని రాశారు. దాని హక్కులు మీవి కావు. అది తీసేసి మీ ఊరి డప్పు వాళ్లని పిలిచి రికార్డు చేసుకోండి, డబ్బులు ముందే మాట్లాడుకుని.